గొంతు మీద నీలి పొర

ఫిబ్రవరి 3

పిచ్చుకకి అన్నయ్య ఆశీస్సులు.

మెసేజిలు పెట్టవచ్చు కదా, ఈ కాగితాలెందుకని మీ వదిన గొడవ. మెసేజిలో నేను ఒక ముక్క కొట్టేలోపు అవతలివాళ్ళు పది కొడతారు. అక్కడా నాకు సందు దొరకదు. కాగితం మీదైతే నా మాటకి ఎవరూ అడ్డు రారు. నోరున్నవాడిదే రాజ్యం అన్నవాడు తప్పకుండా నోరు పోయినవాడే అయి ఉంటాడు.

ఆపరేషన్ గాయం ఆరింది. స్వరపేటిక తీసేశాక మెడ కింది కన్నంలోంచి ఊపిరి తీసుకోవడం అలవాటైపోయింది. క్యాన్సరుకని రేడియేషన్ కరెంటు పెట్టిన చోట చర్మం మాత్రం చెప్పు తోలులా మొద్దుబారింది. మొన్న గడ్డం గీసుకుంటూ కోసుకున్నాను. తువ్వాలు మీద రక్తం చూసి మీ వదిన కేకపెడితే గానీ నాకు తెలియలేదు.

ఇక అసలు సంగతి. మీ ల్యాబ్ వాళ్ళ పరీక్షలో నన్ను చేర్చుకున్నారు. గొంతు డాక్టరు నా దవడ కింద, కుడివైపు, ఓ నీలం పొర అంటించాడు. ఉల్లిపొర అంత మందం కూడా లేదు. నేను శబ్దం లేకుండా నాలుక, పెదవులు కదిలిస్తే అక్కడి కండరాల్లో పుట్టే కాస్త కరెంటుని ఆ పొర పట్టుకుంటుందట, జేబులోని పెట్టె దాన్ని మాటగా పలుకుతుందట. మొన్నటిదాకా నా గొంతుకి కరెంటు పెట్టారు, ఇప్పుడు నా గొంతులోంచి కరెంటు లాగుతున్నారు. చెల్లుకి చెల్లు.

లాగడమైతే లాగుతోంది గానీ పెట్టెకి బ్రహ్మచెవుడు. దానికి నేర్పిన మాటలు వంద. అన్నీ నా పాఠానికి పనికొచ్చేవే. నేను ‘ఎడమ’ అంటే అది ‘ఏడు’ అంటుంది. ‘మూల’ అంటే ‘మూడు’ అంటుంది. పొర ఇంకా బాగా కరెంటు మోస్తే తప్ప లాభం లేదని పెట్టె ఇంజనీరు అంటున్నాడు.

నా అవస్థ నీకు తెలుసు. చూపున్న పిల్లలైతే బోర్డు మీద రాసి రోజులు నెట్టేవాణ్ణి. మా బడి పిల్లలకి చూపు లేదు. వాళ్ళకి లెక్కలు చెప్పడానికి నాకున్నది గొంతొక్కటే, అదే పోయింది. మా ప్రిన్సిపాల్ మంచావిడ. “పరీక్షల దాకా చూద్దాం మాస్టారూ” అంది. ఆ తర్వాత ఏమిటో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. అడగడానికి నోరేది?

ఆ పొరల్ని వండేది నువ్వేనట కదా. కాస్త ఉప్పూ కారం పెంచు తల్లీ.

నీ అన్నయ్య


ఫిబ్రవరి 12

అన్నయ్యకి, వదినకి నమస్కారాలు.

ఉప్పూ కారం పెంచమన్నావు. నువ్వు సరదాకి అన్నావు గానీ నేను నిజంగానే ఉప్పు కలిపాను.

నువ్వు లెక్కల మాస్టారివి, కారణం చెప్పందే ఒప్పుకోవు. మా సిరా ముదురు నీలం నీళ్ళలా ఉంటుంది. అందులో రెండు రకాల పాలిమర్ గొలుసులు. ఒక రకం కరెంటు మోస్తుంది. రెండో రకం మోయదు, కానీ అది చుట్టుకుని ఉంటేనే మొదటిది నీళ్ళలో కలుస్తుంది. ఆరబెడితే రెండూ చిక్కుపడ్డ దారపుండలా ఉండిపోతాయి. కరెంటు ఒక గొలుసు నుంచి ఇంకో గొలుసుకి దాటలేక ఆగిపోతుంది. సిరాలో సరైన పదార్థం నాలుగు చుక్కలు కలిపితే ఆ చుట్టు వదులవుతుంది, మోసే గొలుసులు నిటారుగా సాగి ఒకదాన్నొకటి తాకుతాయి. అంతే, అదే పొర వందల రెట్లు ఎక్కువ కరెంటు మోస్తుంది. నాకిప్పటికీ ఇది చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

ఇన్నాళ్ళూ మేం కలిపినది పాకంలా చిక్కటి ద్రావకం. కరెంటు పెరిగేది గానీ పొర అప్పడంలా పెళుసయ్యేది. నువ్వు తల తిప్పగానే పగిలేది, పెట్టె చెవుడుకి అదే కారణం. ఇప్పుడు కొత్తది దొరికింది. ఉప్పే, కానీ గది వేడికే నూనెలా కారుతుంది. దానితో పొర కరెంటూ మోస్తుంది, రబ్బరులా సాగుతుంది కూడా. మొదటి పొర మీటరు మీద పెట్టినప్పుడు మీటరు చెడిపోయిందేమోనని వేరేది తెచ్చుకున్నాను. మా డైరెక్టరు నోట మొదటిసారి “బాగుంది” అన్న మాట విన్నాను.

ఈ వారమే మీ ఆసుపత్రికి వస్తున్నాయి. రోజుకి నాలుగు గంటలు, అంతకు మించి వద్దు. తీశాక సబ్బుతో కడుక్కో. వారం వారం డాక్టరుకి చూపించుకో.

ఇంకొక మాట. నువ్వు నా అన్నవని నేను ముందే రాసిచ్చాను కాబట్టి నీ వివరాలేవీ నా కంట పడనివ్వరు. నువ్వు ఎలా ఉన్నావో నాకు తెలిసేది నీ ఉత్తరాల వల్లే. దాచకుండా రాయి.

పిచ్చుక


ఫిబ్రవరి 27

పిచ్చుకా!

ఈ ఆశ్చర్యార్థకం చూశావా? నా జీవితంలో ఎవరి పేరు పక్కనా పెట్టలేదు.

సోమవారం క్లాసులోకి వెళ్ళాను. నా అడుగుల చప్పుడు పిల్లలకి తెలుసు కాబట్టి అందరూ సర్దుకుని కూర్చున్నారు. నెలల తరబడి కొత్త టీచరమ్మ పాఠం చెబితే నేను పక్కన కుర్చీలో దిష్టిబొమ్మలా ఉన్నానుగా, ఆవేళా అంతే అనుకున్నారు. నేను పెట్టె నొక్కి, “పిల్లలూ, ఆగండి” అన్నాను.

వెనక బెంచీ అమ్మాయి, నోట్లో నువ్వుగింజ నాననిది, “ఎవరండీ మీరు? మా మాస్టారు కుర్చీ దగ్గర నిలబడ్డారేంటి?” అంది. నిజమే మరి, పెట్టె గొంతు నా గొంతు కాదు. రైల్వే స్టేషన్లో బండి ఆలస్యమని చెప్పే మనిషి గొంతు. నేనేం చేయను? “తప్పు. మళ్ళీ చేయండి” అన్నాను. అది నా మాటే. ఆ విరుపు పెట్టెకి రాదు గానీ ఆ మాట ఇంకెవరిది? క్లాసంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. ఆ అమ్మాయి ఏడ్చింది.

త్రిభుజం కోణాలు చెప్పాను. చెక్క ముక్కల మీద చెయ్యి పెట్టించి, “ఇక్కడ. కుడి. ఎంత? ఎందుకు?” అంటూ. ఎడమ ఎడమే, ఏడు ఏడే. ఒక్క తప్పు లేదు. సాయంత్రం వెనకబడ్డ పిల్లల్ని కూర్చోబెట్టుకుని మళ్ళీ చెప్పాను. ప్రిన్సిపాల్ తలుపు దగ్గర నిలబడి విని వెళ్ళింది.

వచ్చే నెల 21న పెద్ద కంపెనీ వాళ్ళు ఈ పొరను చూడడానికి మా ఆసుపత్రికే వస్తారట. వాళ్ళ ముందు మాట్లాడడానికి నన్నే ఎంచారు. నువ్వూ వస్తావుగా?

చర్మం సంగతి అడిగావు. నొప్పి లేదు, మంట లేదు. దివ్యంగా ఉంది.

నీ అన్నయ్య


మార్చి 6

అన్నయ్యా,

ఈ ఉత్తరం అందగానే పొర తీసేయి. మళ్ళీ పెట్టుకోకు. 21న వెళ్ళకు. డాక్టరు చెప్పేదాకా ఆగకు.

కారణం ఇప్పుడు రాయలేను. రాయకూడదని సంతకం పెట్టించుకున్నారు. నా మాట నమ్ము.

నీ ఉత్తరంలో పొద్దుట క్లాసు, సాయంత్రం క్లాసు అని ఉంది. మధ్యలో తీశావా, లేదా?

పిచ్చుక


మార్చి 11

చెల్లెమ్మకి,

కారణం లేకుండా జవాబు రాస్తే మా క్లాసులో సున్నా మార్కులు. నీకూ అంతే.

నువ్వు రాయని కారణం నాకు వేరే దారిలో తెలిసిందిలే. మీ ల్యాబ్ నుంచి ఎవరో, 21న ఈ మనిషిని పెట్టొద్దు, ఇంకొకర్ని చూడండని అడిగారని పెట్టె ఇంజనీరు చెప్పాడు. ఆ ‘ఎవరో’ నువ్వే కదూ? మొన్న ఆసుపత్రిలో సాధన చేసేటప్పుడు నేను రెండు మాటలు తడబడ్డాను. పెద్దవాళ్ళ ముందు అన్న తడబడితే చెల్లెలి పొరకి చెడ్డపేరు. నేరుగా చెప్పి ఉంటే నొచ్చుకునేవాణ్ణి కాదు. ‘నా మాట నమ్ము’ అంటూ ప్రేమ ముసుగేసి చెప్పావు చూడు, అదీ బాధ.

నీకు ఇది ఒక ప్రయోగం. మీటరు ముల్లు లేస్తే సంతోషం, పడితే దిగులు. నాకు ఇది రేపు పొద్దున బడికి వెళ్ళడమా, ఇంట్లో కూర్చుని గోడలు లెక్కపెట్టడమా అన్నది. మూగవాణ్ణి కదా అని నా తరఫున నిర్ణయాలు అందరూ చేసేస్తున్నారు. డాక్టరు చేశాడు, ప్రిన్సిపాల్ చేయబోతోంది. నువ్వు కూడానా?

21న వెళ్తున్నాను. నువ్వు రానక్కర్లేదు.

అన్నయ్య


మార్చి 15

అన్నయ్యా,

నీ ఉత్తరం నిన్న అందింది. వెంటనే ఫోన్ చేశాను. వదిన ఎత్తింది, నీ చేతికిచ్చింది. నేను “అన్నయ్యా, పొర…” అనేలోపు నువ్వు పెట్టేశావు. తర్వాత ఎన్నిసార్లు చేసినా మోగి మోగి ఆగిపోయింది, పెట్టిన మెసేజిలు నువ్వు తెరవనే లేదు. అందుకే ఇప్పుడు రాయకూడనిది రాస్తున్నాను. సంతకం సంగతి తర్వాత చూసుకుందాం.

నేను కలిపిన ఉప్పు పొరలోనే ఉండిపోతుంది. అందుకే అది మెత్తగా ఉంటుంది. గత నెలాఖరున ఆ పొరను చెమట లాంటి నీళ్ళలో నానబెట్టి చూశాను. ఉప్పు బయటికి వచ్చేస్తోంది. ఆ నీటిని ల్యాబ్‌లో పెంచే చర్మకణాల మీద వేశాం. మర్నాటికి సగానికి పైగా చచ్చిపోయాయి. తప్పేమోనని మళ్ళీ చేశాను. మళ్ళీ అదే.

నాలుగు గంటలన్నది ఎక్కడి నుంచి వచ్చిందని మా డైరెక్టర్ని అడిగాను. “ఏదో ఒక అంకె ఉండాలి కదమ్మా” అన్నాడు. మేం కరెంటును కొలిచాం. చర్మాన్ని కొలవలేదు. పొర మెత్తగా వచ్చిందన్న సంతోషంలో ఆ ప్రశ్న నేనూ అడగలేదు. 21 అయ్యేదాకా నోరు మూసుకోమన్నాడు. “ఇప్పటిదాకా ఎవరూ ఫిర్యాదు చేయలేదు. వేసుకున్నవాళ్ళు సుఖంగా ఉన్నారు, నీకెందుకు బెంగ?” అన్నాడు. ఆ సుఖంగా ఉన్నవాళ్ళలో నువ్వున్నావు. ‘దివ్యంగా ఉంది’ అని రాసింది నువ్వే.

అవును, 21న నిన్ను తప్పించమన్నది నేనే. నువ్వు తడబడతావని కాదు. కనీసం నిన్నొక్కణ్ణయినా ఆ పొర నుంచి బయటపడేద్దామని. అది నీ చెవిన మరోలా పడింది.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. నీ మెడ చర్మం కరెంటు పెట్టినది. దానికి నొప్పి తెలియదు. గడ్డం గీసుకుంటూ కోసుకున్నా తెలియలేదని నువ్వే రాశావు. నొప్పి లేదు కాబట్టి గాయం లేదనుకోకు. అలాంటి చర్మం చెడితే తొందరగా మానదట, కిందనే తలకి వెళ్ళే పెద్ద రక్తనాళం ఉంటుందట. నాకు తెలిసిన వేరే డాక్టర్ని అడిగి రాస్తున్నాను. అద్దం ముందు నిలబడు. వదినని దీపం పట్టుకోమను. పొర తీసి చూడు. తడిగా ఉందా? వాసన ఉందా?

ఫలితాలన్నీ పైనుంచి ఈ పరీక్షల్ని తనిఖీ చేసే కమిటీకి పంపించాను. పొద్దుట ఆఫీసుకి వెళ్తే నా తలుపు కార్డు పనిచేయలేదు. సెలవు మీద ఉండమన్నారు. మిగతావాళ్ళకి ఎవరు చెబుతారో తెలియదు. నీకైతే నేను చెబుతున్నాను.

నీ పిచ్చుక


మార్చి 16

పిచ్చుకకి,

ఫోన్ పెట్టేసినందుకు మీ వదిన రెండు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. ఇంట్లో ఇప్పుడు ఇద్దరు మూగవాళ్ళం.

కోపంతో పెట్టేయలేదు. ఫోన్లో నువ్వు మాట్లాడతావు, నేను వినాలి. నువ్వు ఏడుస్తావు, నేను వినాలి. ‘అది కాదమ్మా’ అనడానికి కూడా నాకు వీలు లేదు. వంద మాటల పెట్టెలో ‘అమ్మా’ లేదు. అలా వింటూ నిలబడడం నా వల్ల కాలేదు. ఏం చెప్పాలన్నా కాగితం మీద రాయి, చదువుతాను.

నేనూ నిజం చెబుతాను. నాలుగు గంటల దగ్గర ఆగడం లేదు. ఆరో, ఏడో అవుతోంది. వారం వారం డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదు. ఆయన పిలిచే వేళకే నా క్లాసు. పొర కింద కాస్త చెమ్మగా ఉంటోంది, చెమట. మాటలు మానేసే ముందు మీ వదిన మెడకి కండువా చుట్టుకోవద్దంది, ఏదో వాసనట. ఎండలు ముదిరాయి కదా.

21 అయ్యాక కావాలంటే తీసేస్తాను. ఆ ఒక్కరోజు నన్ను మాట్లాడనీ.

అన్నయ్య


మార్చి 22

పిచ్చుకకి,

15న నువ్వు రాసింది 20న సాయంత్రం అందింది. నేను 16న రాసినది ఈపాటికి నీకు అందే ఉంటుంది. దాన్ని చదువుతూ నువ్వు ఎంత భయపడి ఉంటావో ఇప్పుడు తెలుస్తోంది.

చదివాక మీ వదినని పిలిచి ఉత్తరం చేతికిచ్చాను. చదివి, లోపలికి వెళ్ళి దీపం తెచ్చింది. పొర తీశాం. కుడి దవడ కింద అరచేతిలో సగం మేర చర్మం తెల్లగా ఉబ్బి ఉంది. మీ వదిన వేలు తాకించగానే ముడతలాగా ఊడి వచ్చింది. కింద పచ్చి పుండు. ఆమె దీపం ఇంకా దగ్గరికి పట్టింది. నాకు మాత్రం ఏమీ తెలియలేదు. వేరే ఎవరి మెడో చూస్తున్నట్టు అద్దంలో చూస్తూ నిలబడ్డాను.

ఆ రాత్రికి పెద్దాసుపత్రికి పోదామంది. నేను పలక తీసుకుని, ‘రేపు పోదాం. ముందు ఆ కంపెనీవాళ్ళ దగ్గరికి’ అని రాశాను. పలక లాక్కుని విసిరేసింది. మళ్ళీ తెచ్చి, ‘ఇంకా ఎవరెవరి మెడల మీద ఉందో?’ అని రాశాను. అది చదివి, “నేనూ వస్తాను. నీ పక్కనే నిలబడతాను” అంది.

హాలు నిండా మనుషులు. ముందు వరసలో కంపెనీవాళ్ళు. మీ డైరెక్టరు తెల్లబట్టల్లో పెళ్ళిపెద్దలా తిరుగుతున్నాడు. గొంతు డాక్టరు నాకు కొత్త పొర అంటించబోయాడు. కండువా తీయకుండా ఎడమవైపు చూపించాను. ఆయనకి తొందర, అడగలేదు. నేను చెప్పాల్సింది ముందే నేర్పారు: “ఇక్కడ నాలుగు కోణాలు. అన్నీ సమానం.” ఏదో చతురస్రం చెప్పినట్టు చెప్పి దిగిపోవాలి.

మైకు ముందు నిలబడ్డాను పిచ్చుకా. నా దగ్గర ఉన్నవి వంద మాటలు. అందులో ‘గాయం’ లేదు, ‘చర్మం’ లేదు, ‘మోసం’ లేదు. చూపు లేని పిల్లల కోసం ఏరిన మాటలు కాబట్టి రంగు పేరు ఒక్కటీ లేదు. ఉన్నవాటితోనే చెప్పాలి.

“పిల్లలూ, ఆగండి” అన్నాను. పెద్దవాళ్ళంతా నవ్వారు. చప్పట్లు కూడా కొట్టారు.

కండువా విప్పాను.

“ఇక్కడ. కుడి. చూడండి” అన్నాను. నవ్వు ఆగింది. “నాలుగు కాదు. ఆరు. ఏడు. తప్పు.” గంటలు మీరింది నేనే, నా వంతు తప్పు కూడా చెప్పాలి కదా. తర్వాత మీ డైరెక్టరు వైపు తిరిగి, “ఎంత? ఎందుకు?” అన్నాను. ఆయన మైకు ఆపమని చేత్తో సైగ చేశాడు. మైకుతో పనేముంది, పెట్టె నా జేబులో ఉంది. “తప్పు. మళ్ళీ చేయండి” అన్నాను. ఇంకేం చెప్పాలో తెలియక మళ్ళీ అదే అన్నాను. ఎన్నిసార్లు అన్నానో గుర్తు లేదు. పెట్టెకి కోపం రాదు. అన్నిసార్లూ స్టేషన్లో బండి సంగతి చెప్పినట్టే చెప్పింది.

ముందు వరసలోంచి ఒక ముసలావిడ లేచి వచ్చింది. కళ్ళజోడు సర్దుకుని నా మెడ దగ్గరగా చూసింది. “ఇది ఎన్ని రోజుల నుంచి?” అని అడిగింది. నా దగ్గర ‘తెలియదు’ అన్న మాట కూడా లేదు. మీ వదిన చెప్పింది, “ఆయనకి తెలియదండీ. నొప్పి తెలియదు.” ఆవిడ వెనక్కి తిరిగి డాక్టరుతో, “మిగతావాళ్ళని ఇవాళే పిలిపించండి” అంది.

అక్కడి నుంచి నేరుగా పెద్దాసుపత్రికి వచ్చాం. మంచం మీద కూర్చుని రాస్తున్నాను. తొడ మీది చర్మం తీసి మెడకి వేస్తారట.

నువ్వు నన్ను తప్పించమన్నావని విని, నీకు నామోషీ అనుకున్నాను. నన్ను క్షమించమని అడిగేంత పెద్దమనిషిని కాను. అడిగినట్టే అనుకో.

అన్నయ్య


మార్చి 29

అన్నయ్యా,

వదిన ఫోన్ చేసి ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పింది. విని, ఫోన్ పెట్టేసి, నీ ఉత్తరాలన్నీ మళ్ళీ చదివాను. తర్వాత నీ మీద కోపం వచ్చింది. ఆరూ ఏడూ గంటలా? చెమ్మగా ఉంది, వాసన వస్తోంది అని నీ చేత్తో రాస్తూ, ‘ఎండలు ముదిరాయి’ అంటావా? నీ క్లాసులో ఎవరైనా ఇలాంటి లెక్క చేస్తే ఏం చేసేవాడివి? ఆ రోజులు నేనెలా గడిపానో నీకు తెలియదు.

నా మీదా కోపం వచ్చింది. కారణం చెప్పకుండా ‘నమ్ము’ అన్నాను. నువ్వు నమ్మలేదు. నువ్వు నమ్మకపోవడంలో తప్పేముంది?

మిగతా ఆరుగురినీ పిలిపించారు. ఇద్దరికి చర్మం ఎర్రబడింది, పుండు పడలేదు. వాళ్ళకి మంట తెలిసేది, నాలుగు గంటలకి ముందే తీసేసేవాళ్ళట. పరీక్ష ఆపేశారు. డైరెక్టర్ని పక్కన పెట్టారు. నన్ను తిరిగి రమ్మన్నారు, కానీ తోటివాళ్ళు సగం మంది నా బల్ల వైపు రారు. ఏళ్ళ తరబడి పడ్డ కష్టం నా వల్ల మంటగలిసిందని వాళ్ళ బాధ. ఆ కష్టంలో నాదీ ఉంది.

నీ పెట్టె కూడా తీసుకెళ్ళిపోయారని వదిన చెప్పింది.

పిచ్చుక


జూన్ 19

పిచ్చుకకి ఆశీస్సులు.

మెడ మానింది. అతుకు వేసిన బట్టలా ఉంది గానీ మానింది. కొత్త చర్మానికి కూడా స్పర్శ లేదు. రోజూ పొద్దున్నే మీ వదిన దగ్గరుండి చూస్తుంది. ఇది ఇంటి చట్టం.

పరీక్షలు అయిపోయాయి. లెక్కల క్లాసు కొత్త టీచరమ్మకి ఇచ్చారు. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, బ్రెయిలీ చుక్కల లిపిలో లెక్కల పుస్తకాలు తయారుచేసే గదిలో కూర్చోమంది. “మీరు బడి వదిలి వెళ్ళొద్దు మాస్టారూ” అంది. దయగా అంది. ఆ దయ మింగడానికి వారం పట్టింది.

గది మెట్ల కింద ఉంది. పైన నా క్లాసు. బెంచీలు జరిపే చప్పుడు వినబడుతుంది. టీచరమ్మ బాగానే చెబుతుంది గానీ, ‘ఎందుకు?’ అని అడగదు. జవాబు రాగానే ముందుకి వెళ్ళిపోతుంది. పెన్సిల్‌తో పైకప్పు పొడుద్దామా అనిపిస్తుంది.

డాక్టరు మాటల్లో, మళ్ళీ కొత్త పొర తయారవుతోందని తెలిసింది. నన్ను అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఈసారి ఏం కలిపావు, ఎంత మిగిలింది, నీకు ఏం తెలియదు, అన్నీ రాయి. భయపెట్టినా సరే. ముసుగేయకు.

అన్నయ్య


ఆగస్టు 8

అన్నయ్యకి, వదినకి నమస్కారాలు.

అడిగావు కాబట్టి అంతా రాస్తున్నాను. ఈసారి రాయకూడదని ఎవరూ సంతకం పెట్టించుకోలేదు. పెట్టించుకున్నా పెట్టేదాన్ని కాదు.

కలిపింది: అదే ఉప్పు. కంగారుపడకు, ముందు చదువు. పొర ఆరాక దాన్ని ఆల్కహాల్లో మూడుసార్లు కడుగుతున్నాం. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటావేమో. తొక్కాలి అన్నయ్యా, ఆ ఉప్పు లేనిదే గొలుసులు సాగవు. కానీ ఒకసారి సాగి సర్దుకున్నాక, ఉప్పు వెళ్ళిపోయినా అవి మళ్ళీ ముడుచుకోవడం లేదు. కరెంటు కొంచెం తగ్గింది, అంతే.

మిగిలింది: మా యంత్రం కొలవగలిగినంతలో ఉప్పు ఏమీ లేదు. యంత్రానికి దొరకనంత ఉండవచ్చు. చెమట నీళ్ళలో నానబెట్టి, ఆ నీటిని కణాల మీద వేశాం. బతికాయి. నేనూ నా ముంజేతికి నెలరోజులు పెట్టుకున్నాను. అది ఆరోగ్యంగా ఉన్న చేయి, నీ మెడ కాదు. అందుకే దాన్ని రుజువుగా చెప్పడం లేదు.

పోయింది: మెత్తదనం. ఉప్పుతోపాటే పోయింది. దాని బదులు తినే తీపి పదార్థం ఒకటి కాస్త కలిపాం, చక్కెర లేని మిఠాయిల్లో వేసేది. కొంత మెత్తబడింది గానీ, మునుపటిలా రబ్బరు కాదు. తల పక్కకి తిప్పితే పొరలో పగుళ్ళు వస్తాయి, మాట తెగిపోతుంది. తిన్నగా చూస్తే మళ్ళీ కలుస్తుంది. రెండు గంటల తర్వాత పనికిరాదు.

తెలియనిది: కరెంటు పెట్టిన చర్మం మీద, స్పర్శ లేని చోట, నెలల తరబడి వాడితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు.

కమిటీ అనుమతి ఇచ్చింది. మొదట మరో ఇద్దరు వేసుకుంటారు. నీ వంతు వచ్చే నెల, అది కూడా ఎడమవైపు మాత్రమే, ప్రతిసారీ నర్సు చూశాకే. కావాలంటే వేసుకో, వద్దంటే మానేయి. ఈసారి నేను ఏదీ చెప్పను.

పిచ్చుక


సెప్టెంబరు 24

పిచ్చుకకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ‘తెలియనిది’ అన్న ముక్క మీ వదిన చేత కూడా చదివించాను. “తెలియదని రాసింది కాబట్టి మిగతాది నమ్ముతాను” అంది.

నిన్న వేసుకున్నాను. నర్సు చూసింది, మీ వదిన చూసింది, నేను అద్దంలో చూశాను. ప్రిన్సిపాల్ వారానికి రెండు క్లాసులు ఇచ్చింది, చివరి గంట. టీచరమ్మ తన కుర్చీ తనే వెనక్కి జరుపుకుంది.

“పిల్లలూ” అన్నాను. ఈసారి ఎవరండీ మీరు అని ఎవరూ అడగలేదు. లెక్క చెప్పడం మొదలుపెట్టాను. కిటికీ వైపు కూర్చున్న పిల్లవాడు చెక్కముక్క తిరగేసి పట్టుకున్నాడు. వాడి వైపు తల తిప్పి, “ఎడమ” అనబోయాను. “ఎ” దగ్గరే మాట తెగిపోయింది. మళ్ళీ తిన్నగా తిరిగితే వచ్చింది. ఇంకోసారి తిప్పాను, ఇంకోసారి తెగింది. ఇరవై ఏళ్ళుగా క్లాసంతా కలియదిరిగి పాఠం చెప్పిన మెడ అది, ఒక్క రోజులో మాట వింటుందా? పిల్లలు ఏమనుకుంటున్నారోనని సిగ్గేసింది.

రెండు నిమిషాలు విన్నారు. అంతే, ఎప్పుడు తెగుతోందో పట్టేశారు. వాళ్ళ చెవులు నీకు తెలియవు. వెనక బెంచీ అమ్మాయి లేచి, అచ్చం నేను వాళ్ళని గదమాయించే గొంతుతో, “మాస్టారూ! కదలకండి! తిన్నగా కూర్చోండి!” అంది.

మిగతా పిల్లలు బెంచీల మీద సర్దుకున్నారు. నేను కొడతాననుకున్నారు కాబోలు.

కుర్చీ లాక్కుని తిన్నగా కూర్చున్నాను. గంట కొట్టేదాకా మెడ కదపలేదు.

నీ అన్నయ్య